అంబాసిడర్‌కి కొత్త బ్రేక్ షూలు: లైనర్ బాగుంది, గుండ్రమే కుదరలేదు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ బ్రేక్ షూ సెట్టు కంపెనీవాళ్లు ఊరికే పంపారు. అలా అని నాలుగు మంచి మాటలు చెప్పి వదిలేస్తాననుకోకండి. సైజులు, పార్ట్ నంబర్లు కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, అవన్నీ చదివి విసిగించను.

మన బండి మార్క్ 4 అంబాసిడర్. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి డబ్బాలు. బ్రేకు వేస్తే షూలు లోపలినుంచి వాటికి ఒత్తుకుంటాయి.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. షూ మీద ఉండే రాపిడి పట్టీ, అదే లైనర్, దానంతటికీ సుద్దముక్క రుద్ది, డ్రమ్ములో ఆనించి అటూ ఇటూ తిప్పాను. సుద్ద ఎక్కడ చెరిగిందో చూడండి. నడుమ మాత్రమే! రెండు చివర్లూ తెల్లగా అలాగే ఉన్నాయి. అంటే సగం లైనర్ పని చెయ్యకుండా కూర్చుంది. ఎందుకంటే ఈ డ్రమ్ము లేతు మీదకి ఎక్కి వచ్చింది, లోపలివైపు చెక్కేసరికి వ్యాసం పెరిగింది. షూ గుండ్రం మాత్రం కొత్త డ్రమ్ముకి తగ్గట్టు ఉంది. అసలు లేతు ఎక్కని అంబాసిడర్ డ్రమ్ము ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందండీ?

మన ఆటోనగర్‌లో పాత షూలకి లైనర్లు రివిట్ కొట్టే పెద్దాయన ఒకరున్నారు. డ్రమ్ము చూపించనిదే, దాని గుండ్రానికి తగ్గట్టు లైనర్‌ని అరగదీసే గ్రైండింగ్ మొదలుపెట్టరు. ఇంత రంగుల డబ్బా వేసిన కంపెనీ, ఆ ఒక్క సంగతి చెప్పే కాగితం ముక్క కూడా పెట్టలేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే. పైగా లైనర్ అంచులు ఏటవాలుగా లేవు, ఆకురాయి పెట్టి నేనే అరగదీశాను. లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా కీచుమంటుంది, ఒక్కసారిగా పట్టేస్తుంది కూడా.

అన్నట్టు, పాత డ్రమ్ము విప్పాక లోపలి పొడిని గాలి కొట్టి ఊదకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

గ్రైండింగ్ చేయించి బిగించాక కోటప్పకొండ ఘాట్ దిగాను. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది కదా, ఇంతకుముందు వేసిన చవక సెట్టుతో అయితే సగం దారిలోనే పెడల్ కిందికి దిగిపోయేది. ఈసారి సెకండ్ గేర్‌లో దిగితే పెడల్ ఎక్కడుండాలో అక్కడే ఉంది. బండి ఒక పక్కకి లాగలేదు. నిజంగా ముచ్చటేసింది.

లైనర్‌కి మాత్రం పూర్తి మార్కులు. కొనాలనుకుంటే కొనండి. కానీ డ్రమ్ము కూడా విప్పి పట్టుకెళ్లండి, ఒట్టి షూలతో వెళ్తే ఆ పెద్దాయన గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తారు.