రాత్రి సూది ఏది? ఎన్‌పీహెచ్, గ్లార్జిన్, డెగ్లుడెక్ మధ్య తేడాలు

[తెరపై: పక్కపక్కన రెండు ఇన్సులిన్ సీసాలు. ఒకదాంట్లో మందు తెల్లగా, రెండోదాంట్లో తేటగా ఉంది.]

ఈ రెండూ ఇన్సులినే. అన్నం తిన్నాక ఎగబాకే షుగర్‌ని పట్టడం వీటి పని కాదు. తిన్నా తినకపోయినా లివర్ రక్తంలోకి వదిలే గ్లూకోజ్‌ని అదుపులో ఉంచడమే వీటి పని. అందుకే డోసు సరిపోయిందో లేదో పరగడుపు షుగర్ చూసి చెబుతారు.

తెల్లగా ఉన్నది ఎన్‌పీహెచ్. 1940ల్లో డెన్మార్క్‌లో తయారైంది. ప్రోటమైన్ అనే ప్రోటీన్ కలపడం వల్ల మెల్లగా కరుగుతుంది. మెల్లగానే అయినా సమంగా కాదు. వేసుకున్న 4 నుంచి 8 గంటల మధ్య దీని జోరు ఎక్కువ.

[తెరపై: గడియారం. రాత్రి 9 దగ్గర సూది గుర్తు, 1 నుంచి 5 వరకు ఎర్రటి పట్టీ.]

రాత్రి 9కి వేసుకుంటే ఆ జోరు సరిగ్గా నిద్రలో వస్తుంది, షుగర్ పడిపోవచ్చు. చెమటలు పట్టి మెలకువ రావడం, పొద్దున్నే తలనొప్పి, పీడకలలు: ఇవి కనిపిస్తే రాత్రి 3 గంటలకు లేచి ఒకసారి షుగర్ చూడండి. ఇంకో చిక్కు: మందు అడుక్కి దిగుతుంది. అరచేతుల మధ్య మెల్లగా పదిసార్లు దొర్లించి, అంతా ఒకే తెలుపు అయ్యాకే వాడాలి. గట్టిగా ఊపకూడదు. సరిగా కలపకపోతే ఒకరోజు పల్చటి మందు, ఇంకోరోజు చిక్కటి మందు లోపలికి వెళుతుంది.

తేటగా ఉన్నది గ్లార్జిన్. సీసాలో ఇది ఆమ్లం, పీహెచ్ సుమారు 4. చర్మం కిందికి వెళ్లి ఆ ఆమ్లగుణం పోగానే సన్నటి కణాలుగా పేరుకుని, దాదాపు 24 గంటలపాటు కొద్దికొద్దిగా కరుగుతుంది. ఎన్‌పీహెచ్‌లా ఒక వేళలో జోరు పెరగడం అంతగా ఉండదు. ఒకే సిరంజిలో వేరే ఇన్సులిన్‌తో దీన్ని కలపకూడదు. తేటగా ఉండాల్సిన మందు మసకబారితే పారేయండి.

మిల్లీలీటరుకి 300 యూనిట్లు ఉండే గ్లార్జిన్ కూడా ఇదే మందు, మామూలు 100 యూనిట్ల దానికన్నా మూడింతలు చిక్కగా ఉంటుంది. చర్మం కింద చిన్న ముద్దగా ఏర్పడి ఇంకా నెమ్మదిగా కరుగుతుంది. దీని పెన్నులోంచి సిరంజితో మాత్రం ఎప్పుడూ లాగకండి.

డెగ్లుడెక్ చర్మం కింద పొడవాటి గొలుసుల్లా అల్లుకుంటుంది. 42 గంటలు దాటినా పనిచేస్తుంది. అందుకే వేళ కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు. మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, కానీ తర్వాతి సూదికి కనీసం 8 గంటల ఎడం ఉండాలి.

డెటెమిర్ అనే ఇంకో ఇన్సులిన్ కొందరికి రెండుపూటలా కావాలి. అమెరికాలో కంపెనీ దాన్ని 2024 చివరికల్లా ఆపేసింది.

మరి ఖరీదైనది వాడితే షుగర్ ఎక్కువ తగ్గుతుందా? తగ్గదు. ఎన్‌పీహెచ్‌నీ గ్లార్జిన్‌నీ పోల్చిన 2003 నాటి అధ్యయనంలో రెండు వర్గాలకూ హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే పరీక్ష) సగటున 7 శాతం దగ్గరే ఆగింది. తేడా రాత్రిపూట షుగర్ పడిపోవడంలో వచ్చింది, అది గ్లార్జిన్ వాళ్లలో తక్కువ. ఎన్‌పీహెచ్‌తో పరగడుపు షుగర్ బాగుండి, రాత్రిళ్లు పడిపోకుండా ఉంటే, ఎవరో చెప్పారని మార్చక్కర్లేదు. పెద్ద వయసు, ఒంటరిగా ఉండటం, కిడ్నీ జబ్బు, షిఫ్టు డ్యూటీలు ఉంటే మార్పు గురించి డాక్టర్ని అడగాల్సిందే. రెండుపూటలా ఎన్‌పీహెచ్ నుంచి ఒకపూట గ్లార్జిన్‌కి వెళితే మొత్తం యూనిట్లలో 20 శాతం తగ్గించి మొదలుపెడతారు.

[తెరపై: ఎర్ర మూత సిరంజి, నారింజ మూత సిరంజి, దగ్గరగా.]

ఇక అసలు ప్రమాదం సిరంజి దగ్గర. మన మందుల షాపుల్లో దొరికే ఎన్‌పీహెచ్ సీసా ఎక్కువగా 40ది, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. గ్లార్జిన్ సీసా సాధారణంగా 100ది, దానికి నారింజ మూత. ఇంట్లో ఎర్ర మూతవి మిగిలాయని వాటితో గ్లార్జిన్ 10 గీత దాకా లాగారనుకోండి. ఆ గీత అంటే పావు మిల్లీలీటరు. పావు మిల్లీలీటరు గ్లార్జిన్‌లో ఉండేవి 25 యూనిట్లు! తిరగేస్తే, 40 మందుని నారింజ సిరంజితో 10 గీత దాకా లాగితే వెళ్లేది 4 యూనిట్లే. షుగర్ దిగదు, డాక్టరు డోసు పెంచుతారు, ఆ తర్వాత ఒకరోజు షాపువాడు సరైన సిరంజి ఇస్తాడు. ఆ రోజే ఆస్పత్రి పాలవుతారు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా? ప్రతిసారీ చూడండి.

టైప్ 2 వాళ్లకి సాధారణంగా 10 యూనిట్లతో మొదలుపెట్టి, పరగడుపు షుగర్ 130 లోపు వచ్చేదాకా 3 రోజులకోసారి 2 యూనిట్లు పెంచుతారు. డెగ్లుడెక్ ఒంట్లో కుదురుకోవడానికే 3, 4 రోజులు పడుతుంది. కాబట్టి నిన్నటి అంకె చూసి ఈరోజు పెంచడం పనికిరాదు. 60 కిలోల మనిషి 30 యూనిట్లు దాటినా హెచ్‌బీఏ1సీ దిగకపోతే, తప్పు భోజనం తర్వాతి షుగర్‌లో ఉండొచ్చు. రాత్రి సూది పెంచుకుంటూ పోతే తెల్లవారుజామున పడిపోవడమే మిగులుతుంది.

షుగర్ 70 కంటే కిందికి పడితే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్లీ చూడండి.

[తెరపై: పెన్ను మీద మార్కర్‌తో తేదీ రాస్తున్న చెయ్యి.]

తెరవని మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పారేయాలి. తెరిచాక, 30 డిగ్రీలు దాటని చోట, 100 యూనిట్ల గ్లార్జిన్ 28 రోజులు, డెగ్లుడెక్ 8 వారాలు వాడొచ్చు. తెరిచిన తేదీ దానిమీదే రాయండి. గడువు అయిపోతే, లోపల మందు మిగిలి ఉన్నా కొత్తది తీయండి.