వేదిక ఖరారు చేసే ముందు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. మన సంఘం వచ్చే మహాసభలు అమెరికాలోని ఏ రాష్ట్రంలో జరపాలో తేల్చుకునేందుకు సమావేశమయ్యాం. హాలు అద్దె, విమాన ఛార్జీల సంగతి కోశాధికారిగారు వివరంగా చెప్పారు కనుక, ఆ రాష్ట్రపు చట్టం వలస వచ్చిన మనిషిని ఎలా చూస్తోందో కూడా లెక్కలోకి తీసుకోమని అడగడానికి నేను లేచాను.

2010 ఏప్రిల్ 23న ఆరిజోనా గవర్నర్ జాన్ బ్రూవర్ ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 1070 అనే వలస బిల్లుపై సంతకం చేశారు. పోలీసులు ఏ కారణంతో ఆపిన మనిషైనా దేశంలో అక్రమంగా ఉంటున్నాడన్న అనుమానం కలిగితే, అతని వలస స్థితిని ఆరా తీయాలని ఆ చట్టం ఆదేశించింది. వలసదారు తన కాగితాలు వెంట ఉంచుకోకపోవడాన్ని రాష్ట్ర నేరంగా మార్చింది. ఆరిజోనాలోని టూసాన్‌కు చెందిన కాంగ్రెస్ సభ్యుడు రౌల్ గ్రిహాల్వా, తన రాష్ట్రంలో సభలు పెట్టవద్దని దేశాన్ని కోరారు. లాస్ ఏంజెలెస్ నగర మండలి బహిష్కరణ తీర్మానం చేసింది. ఆల్ఫా ఫై ఆల్ఫా అనే నల్లజాతి సోదర సంఘం తన మహాసభలను ఆరిజోనా రాజధాని ఫీనిక్స్ నుంచి లాస్ వేగాస్‌కు మార్చుకుంది. మనలాంటి సంఘమే, మనలాంటి మహాసభలే.

అప్పట్లో నేను ఆరిజోనాలోని టెంపీలో ఉండేవాణ్ణి. మన విద్యార్థులు ఐ-20 (విద్యార్థి వీసాకు ఆధారమైన కాలేజీ పత్రం), పాస్‌పోర్టు నకళ్లను ప్లాస్టిక్ కవర్లో పెట్టి కారు డాష్‌బోర్డు అరలో ఉంచుకునేవారు. ఆ ఎండకు కవరు కాగితానికి అతుక్కుపోయి, అక్షరాలు ఊడివచ్చేవి. ఒక ఇంట్లో భోజనాల దగ్గర ఈ ప్రస్తావన వస్తే, ఒక పెద్దమనిషి, "మనం వీసాల మీద వచ్చినవాళ్లం, అది మెక్సికోవాళ్ల గొడవ, మనకెందుకండీ" అన్నారు. విస్తరి ముందు కూర్చున్నవారిలో ఒక్కరు కూడా కాదనలేదు. ఆ మాట నాకు నేటికీ మింగుడుపడదు. రోడ్డు పక్కన కారు ఆపిన పోలీసుకు ముందు కనిపించేది మన ఒంటి రంగే, వీసా తర్వాతి సంగతి. ముందు వరసలో కూర్చున్న తల్లులారా, మీ పిల్లలు రాత్రిపూట కారు నడుపుకుంటూ ఇంటికి వస్తున్నారు, చెప్పండి, మనకెందుకా?

సభలు రద్దయితే మొదట దెబ్బ తగిలేది హోటలు గదులు శుభ్రం చేసే లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) ఆడవాళ్లకే కదా అని నన్ను అడిగినవారున్నారు. అది బలమైన అభ్యంతరం. అయినా బహిష్కరణ ఫలితమివ్వలేదని మాత్రం అనలేం. 2011 మార్చిలో అరవై మంది వ్యాపార సంస్థల అధినేతలు, బహిష్కరణ వల్ల కలిగిన నష్టాన్ని గుర్తుచేస్తూ రాష్ట్ర సెనేట్‌కు లేఖ రాశారు; ఆ వారంలోనే సెనేట్ మరో ఐదు వలస బిల్లులను తిరస్కరించింది. 2012 జూన్ 25న సుప్రీంకోర్టు, సవాలుకు గురైన నాలుగు నిబంధనల్లో మూడింటిని కొట్టివేసింది. కాగితాల నేరం పోయింది, పోలీసుల ఆరా మిగిలింది.

ఇప్పుడు మన జాబితాలో టెక్సాస్‌లోని డాలస్ ముందుంది. 2023 డిసెంబరులో టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేసిన ఎస్‌బీ 4, అక్రమంగా సరిహద్దు దాటడాన్ని రాష్ట్ర నేరం చేసింది. డాలస్‌లో మన బంధువులున్నారు, వేదిక కూడా చవక, నాకు తెలుసు. అయినా ఓటింగుకు ముందు ఆ చట్టం మీద ఒక గంట చర్చ జరపాలని, వేదిక మార్చుకుంటే మన నిధుల్లోంచి కొంత సొమ్ము అక్కడి హోటలు కార్మికుల సహాయ నిధికి పంపాలని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు చేతులెత్తండి.