కలుపు మొక్కను చంపేది ఆకలి కాదు, ఎండ

తెరపై: మొక్కజొన్న సాళ్ల మధ్య ఒక కలుపు మొక్క. ముదురు ఆకు అంచు మీదికి కెమెరా.

వాయిస్: ఈ మొక్కలో ముందు దెబ్బతిన్నవి కింది ముదురు ఆకులు. అంచులు పసుపెక్కి, ఎండి, ఆ ఎండు మెల్లగా లోపలికి పాకుతోంది. చిగురు మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. అట్రజిన్ అనే కలుపుమందు వేళ్ల నుంచి ఎక్కితే ఆకు ఇలాగే ఉంటుంది. మందు నీటితో పాటే పైకి వెళ్తుంది కనుక, నీరు ఎక్కువగా ఆవిరయ్యే పెద్ద ఆకుల అంచుల్లో పేరుకుంటుంది.

తెరపై: హరితరేణువు లోపలి పొర బొమ్మ. ఎలక్ట్రాన్లు కదులుతుంటాయి.

వాయిస్: పత్రహరితం వెలుతురును పట్టుకోగానే, ఆ పొరలో ఫోటోసిస్టమ్-2 అనే ప్రోటీన్ల గుంపులో ఎలక్ట్రాన్లు కదులుతాయి. వాటిని అందుకుని ముందుకు చేరవేసే అణువు ప్లాస్టోక్వినోన్. అది వచ్చి కూర్చునే చోటు డీ1 అనే ప్రోటీన్‌లో ఉన్న చిన్న గుంట. అట్రజిన్, మెట్రిబుజిన్, డైయురాన్ వంటి కలుపుమందులు సరిగ్గా ఆ గుంటలోనే దూరతాయి. ప్లాస్టోక్వినోన్‌కు చోటుండదు. ఎలక్ట్రాన్ల దారి మూసుకుపోతుంది.

తిండి తయారుకాక మొక్క పస్తుతో చస్తుందని చాలామంది అనుకుంటారు. పస్తు అంత త్వరగా చంపదు. దారి మూసుకుపోయినా పత్రహరితం వెలుతురును పట్టుకోవడం మానదు. ఎటూ పోలేని ఆ శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కు చేరి, దాన్ని సింగ్లెట్ ఆక్సిజన్ అనే, దేనితోనైనా ఇట్టే చర్య జరిపే రూపంగా మారుస్తుంది. అది కణాల పొరల్లోని కొవ్వులను పాడుచేస్తుంది. పొరలు చిల్లులు పడి కణంలోని నీరు కారిపోతుంది, ఆకు ఎండుతుంది. ఇదంతా జరగాలంటే ఎండ ఉండాలి. మబ్బు పట్టిన రోజుల్లో లక్షణాలు ఆలస్యంగా కనిపించేది అందుకే.

తెరపై: నేలలోంచి అప్పుడే పైకొచ్చిన కలుపు మొలకలు.

వాయిస్: అట్రజిన్ గింజను మొలకెత్తకుండా ఆపదు. మొలక పైకొచ్చి, ఆకు విప్పి, ఎండ తగిలాకే చస్తుంది. కొత్త మొలకలు కనబడ్డాయని కంగారుపడి రెండోసారి కొట్టకండి. నేలలో పదును లేకపోతే మాత్రం మందు వేళ్లకు అందదు, అప్పుడు కలుపు నిజంగానే మిగిలిపోతుంది. మోతాదు లెక్క కూడా చూసుకోండి. లేబుల్‌పై హెక్టారుకు 1 కిలో అసలు మందు అని ఉంటే, 50 శాతం పొడి 2 కిలోలు కావాలి. పొడిని ముందు కొంచెం నీటిలో జావలా కలిపి ట్యాంకులో పోయండి. కొడుతున్నంతసేపూ కలుపుతూ ఉండాలి, లేకపోతే అడుగున పేరుకుని ఒక సాలుకు ఎక్కువ, ఇంకో సాలుకు తక్కువ పడుతుంది.

మరి మొక్కజొన్న ఎందుకు చావదు? దాని ఎంజైములు అట్రజిన్‌కు గ్లూటాథయోన్ అనే, మొక్కలోనే ఉండే చిన్న అణువును తగిలించి నిర్వీర్యం చేస్తాయి. వరి కూడా ప్రోపానిల్ అనే కలుపుమందును మరో ఎంజైముతో విరగ్గొడుతుంది. అయితే ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ పురుగుమందులు ఆ ఎంజైమును అడ్డుకుంటాయి. అప్పుడు కలుపుతో పాటు వరీ మాడుతుంది. ప్రోపానిల్‌కు ముందూ వెనకా రెండు వారాలు ఆ పురుగుమందులు వద్దు.

తెరపై: డీ1 ప్రోటీన్ బొమ్మ. 264వ స్థానం వెలుగుతుంది.

వాయిస్: ఈ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి గ్లైసీన్ అనే మరొకటి వస్తే అట్రజిన్‌కు గుంటలో పట్టు దొరకదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక కలుపు అట్రజిన్ జాతి మందులను తట్టుకుంటోందని 1970లోనే ప్రచురించారు. అలాంటి కలుపుకు మోతాదు పెంచి లాభం లేదు. బెంటజాన్ అనే మరో కలుపుమందు అదే గుంటలో వేరే చోట పట్టుకుంటుంది కనుక, వెడల్పాకు కలుపు మీద చాలావరకు పనిచేస్తుంది. కానీ అది తగిలిన ఆకునే చంపుతుంది. కలుపు చిన్నగా ఉన్నప్పుడే, ఆకులన్నీ తడిసేలా కొట్టాలి.