చైనా రాయబారిగా మారిన అమెరికన్: ఆన్సన్ బర్లింగేమ్

నమస్కారం. ఒక దేశానికి రాయబారిగా వెళ్లిన మనిషిని ఆ దేశమే తన రాయబారిగా పెట్టుకుని మిగతా దేశాలకు పంపడం ఎప్పుడైనా విన్నారా? 1867లో చైనా ఆ పని చేసింది. ఆ మనిషి పేరు ఆన్సన్ బర్లింగేమ్.

1820లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. హార్వర్డ్‌లో లా చదివి, బోస్టన్‌లో ప్రాక్టీస్ పెట్టాడు. 1855లో మసాచుసెట్స్ నుంచి ప్రతినిధుల సభకు వెళ్లాడు. బానిసత్వం అంటే అస్సలు పడదు.

1856 మే 22 తేదీ రాసుకోండి. ఆ రోజు సెనేట్‌లో తన బల్ల దగ్గర కూర్చున్న మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ని, సౌత్ కరోలినా సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో రక్తం కారేలా కొట్టాడు. సమ్నర్ అంతకుముందు బానిసత్వాన్ని తిడుతూ మాట్లాడాడు. బర్లింగేమ్ ఊరుకోలేదు. సభలో నిలబడి బ్రూక్స్‌ని దుమ్మెత్తిపోశాడు. బ్రూక్స్ ద్వంద్వ యుద్ధానికి పిలిచాడు. సరేనన్నాడు బర్లింగేమ్. ఆయుధం రైఫిల్, చోటు నయాగరా జలపాతం దగ్గర కెనడా వైపు. ఉత్తరాది రాష్ట్రాలు దాటి అక్కడికి రావడం తనకు ప్రమాదమని బ్రూక్స్ వెనక్కి తగ్గాడు. ఉత్తరాదిలో బర్లింగేమ్ పేరు మారుమోగిపోయింది.

అయినా 1860 ఎన్నికల్లో ఓడిపోయాడు. లింకన్ మొదట ఆయన్ని ఆస్ట్రియాకు పంపుదామనుకున్నాడు. హంగేరీ స్వాతంత్ర్యం కోసం పోరాడిన కొషూత్‌ని బర్లింగేమ్ బాహాటంగా సమర్థించాడు కాబట్టి ఆస్ట్రియా ఒప్పుకోలేదు. అలా చైనా వంతు వచ్చింది.

ఇప్పుడు మ్యాప్‌లో బీజింగ్ చూడండి. రెండో నల్లమందు యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాల దెబ్బకు చైనా కుదేలైంది. బర్లింగేమ్ మాత్రం చైనా భూభాగం జోలికి పోవద్దు, తగాదాలు మాటలతో తీర్చుకుందాం అని తోటి రాయబారులను ఒప్పించాడు. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని ఇదే. అందుకే ఆయన పదవి వదిలి వెళ్తుంటే, ప్రిన్స్ గాంగ్ నడిపే చైనా విదేశాంగ కార్యాలయం మా తరఫున వెళ్లండి అని అడిగింది. ఝిగాంగ్, సున్ జియాగు అనే ఇద్దరు చైనా అధికారులు కూడా ఆయనతో సమాన హోదాలో బయల్దేరారు.

1868 జూలై 28న వాషింగ్టన్‌లో చైనా, అమెరికాల మధ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అమెరికా వైపు విదేశాంగ మంత్రి సీవార్డ్. ఇల్లూ దేశమూ మార్చుకునే హక్కు మనిషికి పుట్టుకతోనే ఉందని 5వ అధికరణం ఒప్పుకుంది. 6వది మాత్రం, దీనివల్ల పౌరసత్వం వచ్చేయదని చెప్పింది. 7వది ఒక దేశం వాళ్లు రెండో దేశపు ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువుకునే దారి తెరిచింది.

అక్కడి నుంచి యూరప్ వెళ్లి, 1870 ఫిబ్రవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో న్యుమోనియాతో చనిపోయాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా నిండలేదు. పన్నెండేళ్లకు, 1882లో, అమెరికా చైనా కూలీల రాకను చట్టంతో ఆపేసింది. అది 1943 దాకా పోలేదు.

ఒప్పందంలో ఉన్నవి ఎనిమిది అధికరణాలే. 5, 6 పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఆ తర్వాత 1882 చట్టం తెరవండి.