బొలివర్ చేతికొస్తే ఆగదు: వెనిజులాలో క్రిప్టో సంపాదన

తమ్ముడు: అక్కా, ఇవాళ సూటిగా అడిగేస్తా. వెనిజులాలో జనం ఆన్‌లైన్‌లో క్రిప్టో సంపాదించి ఇల్లు నడిపారంటారు కదా, నిజమేనా లేక వీడియోల వాళ్ల కథలా?

అక్క: నిజమేరా, కానీ కోట్లు గడించడం కాదు, నెల సరుకులు తెచ్చుకోవడం. వాళ్లది ఆయిల్ అమ్మకం మీద బతికే దేశం, 2014లో ఆయిల్ రేటు పడిపోయింది, గవర్నమెంట్ ఏమో నోట్లు కొడుతూనే పోయింది, ఇక 2018లో ధరలు వాళ్ల సెంట్రల్ బ్యాంకు లెక్కలోనే 1,30,000 శాతం పెరిగాయి.

తమ్ముడు: లక్షా ముప్పై వేలా!

అక్క: మరి! వాళ్ల కరెన్సీ బొలివర్ మీద 2008లో 3 సున్నాలు తీసేశారు, 2018లో 5, 2021లో ఇంకో 6. జీతం ఇవాళ పడితే నెల తిరిగేసరికి దానికి సగం సరుకు కూడా వచ్చేది కాదు. డాలర్లు కొందామంటే 2003 నుంచీ కంట్రోల్సే. అందుకే ఇంటర్నెట్ ఉన్నోళ్లు అటు పోయారు.

తమ్ముడు: ఏం చేసేవాళ్లు అసలు?

అక్క: ఏది దొరికితే అది. స్టీమిట్ అనే బ్లాగు సైట్‌లో పోస్టులు రాస్తే చదివినోళ్ల ఓట్లకి కాయిన్లు వచ్చేవి, 2020లో అందులోంచి హైవ్ అని అలాంటిదే ఇంకోటి విడిపోయాక చాలామంది అక్కడికెళ్లారు. కొందరు డిజైన్లు, ట్రాన్స్‌లేషన్లు చేసి బిట్‌కాయిన్ తీసుకునేవాళ్లు, కొందరు రూన్‌స్కేప్ గేమ్‌లో రోజంతా గోల్డ్ పోగేసి బయట అమ్ముకునేవాళ్లు, అది రూల్స్‌కి విరుద్ధం, దొరికితే అకౌంట్ బ్యాన్, అయినా సరే.

తమ్ముడు: యాక్సీ అని ఆడితే కాయిన్లిచ్చే గేమ్ ఉందిగా, అదీ అంతేనా?

అక్క: అది వేరేలే, నాకసలు నచ్చదు. అప్పట్లో ఆడాలంటే ముందు 3 యాక్సీలు, అంటే గేమ్‌లోని బొమ్మ జంతువులు, కొనాల్సి వచ్చేది, కొనలేనోళ్లకి వాటి ఓనర్ అరువిచ్చి వచ్చినదాంట్లో వాటా తీసుకునేవాడు, పైగా దానికి స్కాలర్‌షిప్ అని పేరు! కొత్తోళ్లు చేరుతున్నంతసేపే డబ్బు తిరిగేది. చేరడం తగ్గేసరికి ఆ గేమ్‌లో వచ్చే కాయిన్ 2022లో ఒక అమెరికన్ సెంటు కిందికి పడింది, అదే ఏడాది మార్చిలో హ్యాకర్లు 60 కోట్ల డాలర్ల పైనే ఎత్తుకుపోయారు.

తమ్ముడు: సరే కాయిన్ వచ్చిందనుకో, దాంతో సరుకులెలా?

అక్క: అసలు పని అక్కడేరా, సంపాదించడం కంటే మార్చుకోవడంలోనే తెలివి. పీటూపీలో, అంటే మనుషులే ఒకరికొకరు నేరుగా అమ్ముకునే సైట్‌లో, అమ్మకానికి పెడతావు, కాయిన్ మధ్యలో సైట్ దగ్గర లాక్ అవుతుంది, కొనేవాడు నీ ఫోన్ నంబర్‌కి పాగో మోవిల్ అనే అక్కడి ఫోన్ పేమెంట్‌లో బొలివర్లు పంపుతాడు, నీ బ్యాంకులో పడ్డాయని చూసుకున్నాకే వదలాలి, స్క్రీన్‌షాట్ చూసి వదిలితే పోయినట్టే. ఇంకోటి, ఆ పూటకి ఎంత కావాలో అంతే మార్చేవాళ్లు, మిగతాది డాలర్ విలువకి కట్టేసిన యూఎస్‌డీటీ అనే కాయిన్‌లోనే, ఎందుకంటే బొలివర్ చేతికొస్తే కరిగిపోతుంది, బిట్‌కాయినేమో తనిష్టం వచ్చినట్టు ఊగుతుంది.

తమ్ముడు: కరెంటు పోతేనో?

అక్క: పోతే పని లేదు, పైసా లేదు. 2019 మార్చిలో దేశమంతా రోజుల తరబడి చీకట్లోనే ఉంది. చవక కరెంటుతో మైనింగ్, అంటే కంప్యూటర్లు నడిపి కాయిన్లు సంపాదించడం, చేసినోళ్లూ ఉన్నారు, 2024లో గవర్నమెంట్ వాళ్లని కరెంటు గ్రిడ్ నుంచి తీసేస్తున్నామంది.

తమ్ముడు: గవర్నమెంట్ కూడా ఒక కాయిన్ తెచ్చిందిగా?

అక్క: పెట్రో! 2018లో అప్పటి ప్రెసిడెంట్ మదురో ఆయిల్ నిల్వలే దీనికి హామీ అని దింపాడు. పెద్ద ఎక్స్చేంజీలు పట్టించుకోలేదు, 2024 జనవరిలో మూసేశారు. జనం మాత్రం యూఎస్‌డీటీ వదల్లేదు. అయినా కనీస జీతం 2022 మార్చిలో పెట్టిన 130 బొలివర్ల దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోతే, ఇంకేం పట్టుకుంటారు చెప్పు.