ఒక్క అక్షరం నొక్కారు, విమానం కొండలవైపు తిరిగింది

[స్క్రీన్: చీకటి కాక్‌పిట్. చిన్న కీబోర్డు మీద ఒక వేలు ‘ఆర్’ మీటను నొక్కుతుంది.]

1995 డిసెంబర్ 20. రాత్రి 9.30 దాటింది. కొలంబియాలోని కాలీ నగరానికి దిగుతున్న బోయింగ్ 757లో పైలట్ ఈ ఒక్క అక్షరం నొక్కారు. విమానం ఎడమకు తిరిగి కొండలవైపు వెళ్లింది. ఎందుకలా వెళ్లిందో తెలియాలంటే, దిగే దారిని విమానానికి ఎలా చెబుతారో ముందు చూడాలి.

ఆ దారి ఎక్కించే కంప్యూటర్ పేరు ఫ్లైట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. పైలట్లు ఎఫ్ఎంఎస్ అంటారు. దారిలో వచ్చే ఒక్కో బిందువు ఒక వేపాయింట్. కింద చూస్తే అక్కడ ఏమీ ఉండకపోవచ్చు, ఏ పొలమో సముద్రమో ఉంటుంది. ఒక అక్షాంశం, ఒక రేఖాంశం, రేడియోలో పలకడానికి వీలైన అయిదక్షరాల పేరు, అంతే. నేల మీద రేడియో స్టేషన్ ఉన్న చోట్లకు మాత్రం రెండు మూడక్షరాలే ఉంటాయి, కొన్నిటికి ఒకే అక్షరం. ఈ ఒకే అక్షరం సంగతి గుర్తుపెట్టుకోండి.

[స్క్రీన్: ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తిన్నగా ఒక గీత.]

ఇప్పుడు దిగడం. ఢిల్లీ నుంచి శంషాబాద్‌కు 36,000 అడుగుల ఎత్తులో వస్తున్నామనుకోండి. శంషాబాద్ రన్‌వే సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. అంటే 34,000 అడుగులు దిగాలి. పైలట్ల నోటిలెక్క ఏమిటంటే, వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలి. ముప్ఫై నాలుగు మూళ్లు నూటరెండు. వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది కలపండి. కిలోమీటర్లలో 200 పైమాటే. తిన్నగా వస్తే నిర్మల్ దగ్గర్లో ఉండగానే దిగడం మొదలుపెట్టాలన్నమాట. లోపల ఇంకా టీ కప్పులు కూడా తీసుకెళ్లి ఉండరు, ఇంజన్ల హోరు ఒక్కసారిగా తగ్గుతుంది. ఈసారి ప్రయాణంలో చెవిపెట్టి వినండి.

ఆ చోటే టాప్ ఆఫ్ డిసెంట్. బోయింగ్ మ్యాప్ మీద చిన్న ఆకుపచ్చ సున్నాలా కనిపిస్తుంది. అక్కడినుంచి ఇంజన్లు దాదాపు ఖాళీగా తిరుగుతాయి, విమానం జారుతూ వస్తుంది. వాలులో సైకిల్ తొక్కడం ఆపేసినట్టు. వెనకనుంచి గాలి తోస్తుంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. అందుకే గాలి వివరాలు కూడా ఎక్కిస్తారు. ఎక్కించకపోతే కంప్యూటర్ వేసిన లెక్క ఒకటి, విమానం ఉన్న ఎత్తు ఇంకొకటి అవుతుంది. అప్పుడు రెక్కల మీద పలకలు లేపి, అంటే స్పీడ్‌బ్రేకులు వేసి, ఎత్తు తగ్గించుకోవాలి.

ఇంకో సంగతి. ఎదురుగా ప్యానెల్ మీద ఎత్తు చూపే చిన్న గడి ఉంటుంది. అందులో 36,000 అలాగే ఉంటే, ఎఫ్ఎంఎస్ ఎంత చక్కగా లెక్క వేసినా విమానం దిగదు. పైలట్ చేత్తో ఆ అంకె తగ్గించాలి.

[స్క్రీన్: లెగ్స్ పేజీ దగ్గరగా. వరసగా వేపాయింట్లు, కుడివైపు వేగం, ఎత్తు.]

ఏ వేపాయింట్ ఏ ఎత్తులో దాటాలో ఎఫ్ఎంఎస్‌లోని ఈ లెగ్స్ పేజీలో కొడతారు. 8000 కొట్టి పక్కన ‘ఏ’ పెడితే ఆ ఎత్తులో గానీ అంతకు పైన గానీ దాటాలి. ‘బి’ పెడితే ఆ ఎత్తులో గానీ అంతకు కింద గానీ. ఏమీ పెట్టకపోతే కచ్చితంగా 8,000 అడుగులే.

కొట్టగానే పని అయిపోదు. ఎగ్జిక్యూట్ బటన్ మీద లైట్ వెలుగుతుంది. దారి మార్చితే మ్యాప్ మీద పాత దారి గులాబీ రంగులో అలాగే ఉండి, కొత్త దారి తెల్లటి ముక్కల గీతగా కనిపిస్తుంది. బటన్ నొక్కితేనే విమానం కొత్త దారి పడుతుంది. ఈ మొత్తం యంత్రంలో, నొక్కే ముందు దొరికే ఆ రెండు మూడు సెకన్లకు మించిన విలువైనది నాకేదీ కనిపించదు.

[స్క్రీన్: రాత్రి. రెండు కొండల వరసల మధ్య లోయ.]

మళ్లీ కాలీకి వద్దాం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 మయామీ నుంచే సుమారు రెండు గంటలు ఆలస్యంగా బయలుదేరింది. ఉత్తరం నుంచి లోయలోకి వస్తుండగా, ఎదురుగా ఉన్న రన్‌వే మీదే నేరుగా దిగుతారా అని కంట్రోలర్ అడిగారు. పైలట్లు సరేనన్నారు. టైమ్ కలిసొస్తుంది, కానీ ఎత్తు వేగంగా తగ్గించాలి. స్పీడ్‌బ్రేకులు వేశారు.

అంతకుముందే వాళ్లు ఎఫ్ఎంఎస్‌లో కాలీకి డైరెక్ట్ కొట్టారు. అలా కొడితే మధ్యలో ఉన్న వేపాయింట్లన్నీ జాబితాలోంచి పోతాయి. తులువా కూడా పోయింది. కంట్రోలర్ చెప్పమన్నది ఆ తులువా దాటడం గురించే. హడావుడిలో వెతుకులాట మొదలైంది. ఆ తర్వాత వచ్చే రోజో రేడియో స్టేషన్‌కు పోదామనుకున్నారు. చేతిలోని చార్టులో రోజో గుర్తు ‘ఆర్’. అదే కొట్టారు.

కానీ ఆ కంప్యూటర్‌లో రోజోకు నాలుగక్షరాల పూర్తి పేరు కొట్టాలి. ఒక్క ‘ఆర్’ కొడితే వచ్చింది రోమియో అనే ఇంకో రేడియో స్టేషన్. అది బొగోటా దగ్గర, 130 నాటికల్ మైళ్ల అవతల ఉంది. రెండో పైలట్ సరిచూడకుండానే ఎగ్జిక్యూట్ నొక్కేశారు.

విమానం దిగుతూనే తూర్పుకు తిరిగింది. దాదాపు నిమిషం తర్వాత ఏదో తేడాగా ఉందని గమనించి కుడికి తిప్పారు. అప్పటికే కొండ అడ్డు వచ్చేసింది. నేల దగ్గరవుతోందన్న హెచ్చరిక మోగాక మిగిలింది పన్నెండు సెకన్లు. ఇంజన్లకు పూర్తి బలం ఇచ్చి ముక్కు పైకెత్తారు. ముందు లేపిన స్పీడ్‌బ్రేకులు మాత్రం అలాగే ఉండిపోయాయి. విమానంలో ఉన్న 163 మందిలో నలుగురే బతికారు.

ఆ తర్వాత ముందున్న కొండలను మ్యాప్ మీదే రంగుల్లో చూపి, ఇంకా ముందుగా హెచ్చరించే పరికరాలు విమానాల్లో తప్పనిసరి అయ్యాయి. కాక్‌పిట్‌లో ఒకరు అక్షరాలు కొట్టి, బటన్ జోలికి పోకుండా ఏం మార్చారో పైకి చెబుతారు. రెండోవారు మ్యాప్ చూసి ఔనంటేనే నొక్కుతారు. ఆ రాత్రి వాళ్లు అలా ఆగి ఉంటే మ్యాప్ మీద ఏం కనిపించేదో చూడండి.

[స్క్రీన్: గులాబీ గీత నేరుగా ముందుకు, కాలీవైపు. తెల్లటి ముక్కల గీత ఎడమకు విరిగి స్క్రీన్ అంచు దాటిపోతోంది. ఎగ్జిక్యూట్ లైట్ ఇంకా వెలుగుతూనే ఉంది.]