పీపీఈ విప్పాక జూమ్ క్లాసు: ఫోన్-ఇన్, మే 2021

యాంకర్: నమస్కారం. కొవిడ్ రెండో వేవ్‌లో పీజీ డాక్టర్ల చదువు గురించి మాట్లాడుకుంటున్నాం. స్టూడియోలో రిటైర్డ్ సర్జరీ ప్రొఫెసర్ గారున్నారు. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే సార్, కర్నూలు నుంచి. ఎంఎస్ జనరల్ సర్జరీ సెకండియర్. ఎలెక్టివ్ కేసులు, అంటే ముందే తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్లు, ఆపేశారు. ఏప్రిల్ 18న జరగాల్సిన నీట్ పీజీ ప్రవేశ పరీక్ష వాయిదా పడింది, కొత్త బ్యాచ్ ఎప్పుడొస్తుందో తెలీదు. కొవిడ్ డ్యూటీ చేసొచ్చి కూర్చుంటే జూమ్ లింకు. వింటూనే నిద్ర పట్టేస్తోంది సార్.

డాక్టర్: పట్టదా మరి! పీపీఈలో గంటలకొద్దీ నిలబడ్డ మనిషికి స్లైడ్లు చదివి వినిపిస్తే ఎవరికైనా పడుతుంది. మీ బ్యాచంతా కలిసి హెచ్ఓడీ గారిని, అదే మీ విభాగాధిపతిని, అడగండమ్మా. లెక్చర్లు రికార్డు చేసి పెట్టమనండి, తీరికున్నప్పుడు చూసుకుంటారు. లైవ్‌లో మాత్రం కేసు ప్రెజెంటేషనే ఉండాలి. మధ్యలో సార్ ఆపి, ‘కామెర్లున్నాయి, నొప్పి లేదు, గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) చేతికి తగులుతోంది. రాయంటావా, ఇంకేమైనా అంటావా?’ అని అడిగితే నిద్రెలా పడుతుంది?

కాలర్: థియరీ సరే సార్, చెయ్యి తిరగట్లేదు. ల్యాప్ కోలీ, అంటే చిన్న కన్నాల్లోంచి కెమెరాతో గాల్‌బ్లాడర్ తీసే ఆపరేషన్, వీడియోలు బోలెడు చూశాను...

డాక్టర్: గట్టు మీద కూర్చుంటే ఈత రాదు కదమ్మా. బాక్స్ ట్రైనర్, అంటే అలాంటి ఆపరేషన్ ప్రాక్టీసు చేసే పెట్టె, చేసుకో. అట్టపెట్టె, లోపల ఎల్ఈడీ లైటు, పైన ఫోను, ముందువైపు రెండు కన్నాలు. పాతబడిన గ్రాస్పర్లు, అదే కన్నంలోంచి దూర్చి పట్టుకునే పొడవాటి పరికరాలు, థియేటర్ సిస్టర్‌ని అడుగు. ఫోన్ తెర చూస్తూ శనగ గింజని ఎడమ చేత్తో పట్టి, గాల్లోనే కుడి చేతికి మార్చి, పక్క గిన్నెలో వెయ్యి. కన్నం దగ్గర పరికరం తిరుగుతుంది కాబట్టి చెయ్యి కుడికి కదిపితే కొన ఎడమకి పోతుంది. ఆ తికమక పోయేదాకా అదే పని. తర్వాత గాజుగుడ్డ మీద గీసిన గుండ్రం కత్తిరించు, ఆపైన లోపలే ముడి. వీడియో తీసి మీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పంపు. ఆయన చూసి ‘మోచెయ్యి లేపకు’ అన్నా చాలు, వెబినార్ సర్టిఫికెట్ల కంటే నయం.

యాంకర్: అది సరిపోతుందా సార్?

డాక్టర్: సరిపోదండి. నెత్తురు, కణజాలం మెత్తదనం థియేటర్‌లోనే తెలుస్తాయి. ఎమర్జెన్సీలు ఆగలేదుగా! అపెండిక్స్, పర్ఫొరేషన్ (పేగుకో పొట్టకో కన్నం పడడం) వస్తూనే ఉంటాయి. కొవిడ్ డ్యూటీ, క్వారంటైన్ లేని రోజుల్లో యూనిట్ ఎవరిదని చూడకుండా వెళ్ళి అసిస్ట్ చెయ్యమ్మా. ఐసీయూలో సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి గొట్టం), ఐసీడీ (ఛాతీలోకి గొట్టం) వేస్తే లాగ్‌బుక్‌లో రాసి అప్పుడే సంతకం చేయించుకో. తర్వాతంటే ఎవరికీ గుర్తుండదు.

యాంకర్: మరో కాలర్, వరంగల్ నుంచి.

కాలర్: పాథాలజీ పీజీని సార్. మైక్రోస్కోప్ కింద కణజాలం చూసే మా స్లైడ్ సెమినార్లన్నీ ఆన్‌లైన్‌లోనే.

డాక్టర్: మాకంటే మీరే అదృష్టవంతులు బాబూ! కానీ ఎవరో ఎంచిపెట్టిన ఫీల్డే, అంటే స్లైడులో ఒక్క చోటే, చూస్తుంటే స్లైడంతా వెతికే అలవాటు పోతుంది. స్కాన్ చేసిన స్లైడ్ ముందే తెప్పించుకుని, లో పవర్‌లో మొత్తం చూసి, డయాగ్నసిస్ రాసుకున్నాకే డిస్కషన్‌కి కూర్చో. వాట్సాప్‌లో ఫొటో పెట్టేటప్పుడు లేబుల్ మీద పేషెంట్ పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు కనపడకూడదు.

కాలర్: అలాగే సార్. మా గ్రూపులో కూడా చెప్తాను.